పెద్ద బజారు సందులో పాత నాణేల బల్ల

నెల్లూరు పెద్ద బజారులో నుంచి చీలే సందుల్లో ఒకదానిలో, చేతి గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఒకటి ఉంది. ఆ కొట్టు అద్దాల బల్లలో సగం గడియారాలకు, సగం పాత నాణేలకు. నాణేలకంటూ వేరే బోర్డు లేదు. గడియారాల బోర్డు కిందనే ఒక అట్టముక్క మీద "పాత నాణేలు చూడబడును, కొనబడును, అమ్మబడును" అని నల్ల సిరాతో రాసి కట్టారు. చూడడం ముందు రాయడానికి కారణం ఉంది. ఎవరు ఏ నాణెం తెచ్చినా అదేమిటో, ఏ కాలానిదో, ఎంత చేస్తుందో పైసా తీసుకోకుండా చెప్పడం అక్కడి పద్ధతి. ఆ పద్ధతి పెట్టిన అబ్బాయి, గడియారాలాయన కొడుకు, గత కార్తీకంలో ఒక తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చి, ఆసుపత్రికి చేరేలోపే కన్నుమూశాడు. అతనికి 27 ఏళ్ళు. ముందు రోజు సాయంత్రం కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు.

నేను అక్కడికి ఆరేళ్ళుగా వెళ్తున్నాను. అతను పోయిన తరువాత కొన్ని నెలలపాటు ఆ సందులోకి తిరగడానికి మనసొప్పలేదు. ఈ మధ్య మూడుసార్లు వెళ్ళాను. కావలి, గూడూరు, ఒంగోలు నుంచి నాణేలు సేకరించేవాళ్ళు కొందరు "ఆ కొట్టు ఇంకా ఉందా, వెళ్ళవచ్చా" అని అడుగుతున్నారు కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. కొట్టు ఉంది, వెళ్ళవచ్చు. ఎందుకు వెళ్ళాలో చెప్పాలంటే ముందు అతను నాణేలను ఎలా దాచేవాడో చెప్పాలి.

నాణేల వ్యాపారులు ప్రతి నాణేన్నీ రెండంగుళాల చదరపు అట్ట హోల్డరులో, మధ్యన పలుచని పారదర్శకపు పొర కింద పెట్టి, అంచున సంవత్సరం, లోహం, ధర రాస్తారు. ఈ బల్లలోని హోల్డర్ల మీద వాటికి తోడు ఇంకొక వరుస ఉంటుంది. అది ఊరి పేరు. ఇప్పుడు నా ముందున్న హోల్డరు మీద ఇలా ఉంది: "1835. పావు అణా. రాగి. బుచ్చిరెడ్డిపాళెం, మండువా ఇల్లు పడగొట్టినప్పుడు అటక మీది డబ్బాలో. రూ. 90." బల్లలో ఇంకొకదాని మీద "1862. రూపాయి. వెండి. కోవూరు, అమ్మమ్మగారి రూపాయల దండలోది. కొక్కెం అతికిన మచ్చ వెనక వైపు ఉంది" అని ఉంది. కొక్కెం మచ్చ ఉంటే సేకర్తల దగ్గర ధర సగానికి సగం పడిపోతుంది కనుక కొందరు దాన్ని అరగదీసి, మెరుగు పెట్టి అమ్ముతారు. అతను దాన్ని తన చేత్తో రాసి, కొనేవాడికి కనబడే వైపే పెట్టేవాడు. అక్షరాలు చిన్నవి, గుండ్రనివి, ఒత్తులు కూడా తప్పిపోకుండా నింపాదిగా రాసినవి.

ఊరి పేరు ఎందుకని మొదటిసారి అడిగినప్పుడు అతను చెప్పిన కథ నెల్లూరుదే. 18వ శతాబ్దం చివర నెల్లూరు దగ్గర ఒక రైతు రాతి గుట్ట వాలులో దున్నుతుండగా నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండ, కుండలో రోమను బంగారు నాణేలు బయటపడ్డాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి, అంటే క్రీస్తు శకం 2వ శతాబ్దానివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలావరకు మూసలో కరిగిపోగా, ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా చేతికి చిక్కినవి 30కి కొంచెం పైన మాత్రమే. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో ఈ సంగతి ఉత్తరంగా రాయబట్టి, దాన్ని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ అచ్చువేయబట్టి ఇవాళ మనకు తెలిసింది. అయితే ఆ ఉత్తరంలో "నెల్లూరు దగ్గర" అన్నంతవరకే ఉంది. "నాణెం మీది రాజు ఎవరో తెలుసు సార్, అది ఏ ఊరి చేలో దొరికిందో మాత్రం తెలియదు. ఒక్క మాట రాసి ఉంటే ఆ గుట్ట దగ్గరకు మనం సైకిలు మీద పోయి చూసి వచ్చేవాళ్ళం" అన్నాడు. రెండు వందల ఏళ్ళ నాటి పొరపాటు గురించి ఆ అబ్బాయి సొంత ఇంట్లో వస్తువేదో పోయినంత బాధగా చెప్పడం నేను మరిచిపోలేను.

అతని మాటలో న్యాయం ఉంది. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్న శాతవాహనుల సీసపు నాణేల సంగతే చూడండి. అవి ఎక్కువగా తూర్పు కోస్తాలోనే దొరికాయని రాసి పెట్టబట్టే కదా, ఈ తీరం నుంచి ఓడల వ్యాపారం సాగిందనడానికి వాటిని సాక్ష్యంగా చూపగలుగుతున్నాం. దొరికిన చోటు తెలియని నాణెం అందంగా ఉండవచ్చు కాని అది చెప్పగలిగిన దానిలో సగం మాటే చెబుతుంది.

ఇళ్ళలో తరాలుగా ఉన్న నాణేలు తప్ప నేలలో దొరికినవి అతను కొనేవాడు కాదు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలియజేయాలని చెప్పే 1878 నాటి నిధుల చట్టం సారాంశాన్ని తెలుగులో రాసి బల్ల అద్దం కింద పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది. పునాది తవ్వుతుంటే బయటపడ్డాయని రహస్యంగా సంచి విప్పేవాళ్ళకు ముందు ఆ కాగితం చదివి వినిపించి, తరువాత తహసీల్దారు కార్యాలయానికి దారి చెప్పేవాడు. దీనివల్ల అతనికి వచ్చే లాభం చాలానే పోయి ఉంటుంది.

నిజం చెప్పడంలో అతని ఓర్పు ఎటువంటిదో ఒకరోజు కళ్ళారా చూశాను. పొదలకూరు వైపు నుంచి ఒక పెద్దాయన పంచె కొంగులో కట్టుకుని పెద్ద రాగి బిళ్ళ తెచ్చాడు. ఒక వైపు రాముల వారి పట్టాభిషేకం, ఇంకొక వైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 సంవత్సరం. బియ్యపు గింజలను లాగే శక్తి దానికి ఉందని, లక్షలు పలుకుతుందని ఎవరో చెప్పి, బయానాగా ముప్పై వేలు అడుగుతున్నారట. ఆయన అప్పు చేయడానికి సిద్ధపడి, చివరిమాటగా ఇక్కడ అడిగి పోదామని వచ్చాడు. ఆ అబ్బాయి నవ్వలేదు, కసురుకోలేదు. ముందు బిళ్ళను కళ్ళకద్దుకున్నాడు. తరువాత బల్లలోంచి నిజమైన కంపెనీ నాణేలు నాలుగైదు తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. 1835లో చట్టం చేసేదాకా కంపెనీ ఏ ప్రెసిడెన్సీకి ఆ ప్రెసిడెన్సీ నాణేలే వేసిందని, దేవుళ్ళ బొమ్మలతో ఇటువంటి అణాలు అది ఎన్నడూ ముద్రించలేదని, ఇవి తరువాతి రోజుల్లో ఎవరో పోత పోసిన బిళ్ళలని, గింజలు లాగే మాట పచ్చి మోసమని ఒక్కొక్కటే చెప్పాడు. "పూజగదిలో పెట్టుకో తాతా, రాముల వారే కదా. డబ్బు మాత్రం ఎవరికీ ఇయ్యబాక" అని బిళ్ళను మళ్ళీ కొంగులో కట్టి పంపాడు. ఆ పనికి ముక్కాల్ గంట పట్టింది. ఆ ముక్కాల్ గంటలో బల్ల దగ్గర అమ్మకం ఒక్కటీ జరగలేదు.

వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేలకు లక్షలిస్తారని ఫోన్లలో వచ్చే కబుర్లు నమ్మి వచ్చేవాళ్ళకు, రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని పాత నాణేల బేరాల్లో జరుగుతున్న మోసాలపై ఆ బ్యాంకే 2021లో ఇచ్చిన హెచ్చరికను చూపించి పంపేవాడు.

నాకు అతను చేసిన మేలు వేరు. మా నాయనమ్మ ఇనప్పెట్టెలో దొరికిన పన్నెండు విక్టోరియా రూపాయల్లో పదకొండింటిని నేను చింతపండుతో తోమి, ముగ్గుపిండితో రుద్ది, తళతళలాడించి తీసుకుపోయాను. చూడగానే అతని ముఖం చిన్నబోయింది. వెండి మీద వందేళ్ళకు పైగా పట్టిన ఆ నల్లని పొరే నాణేనికి రక్ష అని, తోమితే పైనున్న సన్నని గీతలు, రాణి జడ అల్లిక అరిగిపోతాయని, ఒకసారి పోయిన పొర మన జీవితకాలంలో తిరిగి రాదని చెప్పాడు. మామూలు ప్లాస్టిక్ సంచుల్లో పెడితే కొన్నాళ్ళకు పచ్చని జిగట పడుతుందని, అంచు పట్టుకోవాలే తప్ప ముఖం మీద వేలు పెట్టకూడదని ఆ రోజే నేర్పాడు. తోమకుండా మిగిలిన పన్నెండోది ఇంట్లో ఇంకా ఉందని నేనన్నప్పుడు, దాన్ని అలాగే తెమ్మన్నాడు. రేపు, మాపు అని నేను తీసుకుపోనేలేదు.

ఇక ఇప్పటి పరిస్థితి. కొట్టు ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా తెరుస్తారు. మామూలు రోజుల్లో తండ్రి కూర్చుంటాడు. ఆదివారం ఉదయం చెల్లెలు ఉంటుంది. ఆ అమ్మాయి డిగ్రీ చదువుతోంది. తనకు నాణేల మీద ముద్రలు బాగానే తెలుసు. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకసాలలో వేసింది, వజ్రపు గుర్తు ఉంటే బొంబాయి, చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కలకత్తా అని పిల్లలకు చక్కగా చెబుతోంది. అన్న చేసినట్టే ఎడ్వర్డు, జార్జి రాజుల నాటి నికెల్ అణాను పిల్లల చేతికిచ్చి, దాని మీద తెలుగు అక్షరాలు ఎక్కడున్నాయో వెతకమంటుంది. దొరికినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి.

లోపాలూ ఉన్నాయి. కంపెనీ కాలానికి ముందున్న రాగి కాసులు, నవాబుల డబ్బులు ఒక గుడ్డ సంచిలో ఉన్నాయి. వాటిని గుర్తుపట్టగలిగినవాడు అతనొక్కడే కనుక తండ్రి వాటిని అమ్మడం ఆపేశాడు. అది సరైన నిర్ణయమే అయినా, వాటికోసం దూరం నుంచి వచ్చేవాళ్ళకు నిరాశ తప్పదు. వెండి ధర బాగా పెరిగిన తరువాత కూడా కొన్ని హోల్డర్ల మీద పాత ధరలే ఉన్నాయి. పెద్దాయన అప్పటికప్పుడు తూచి కొత్త ధర చెబుతాడు. ఆ లెక్కలో ఒకసారి 1944 నాటి రూపాయికి, అందులో వెండి సగమేనన్నది తెలియక, విక్టోరియా రూపాయి ధర చెప్పాడు. చెల్లెలు చూసి, కొన్నవాళ్ళకు ఫోను చేసి ఎక్కువ తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చింది. కాబట్టి వెండి కొనేవాళ్ళు ఆదివారం వెళ్ళడం మేలు. ఆల్బములు, హోల్డర్లు మంచి రకానివే, ధర కూడా న్యాయమైనదే.

బల్ల సొరుగు లోపలి వైపు అతను అతికించుకున్న ఫొటో ఒకటి ఉంది. మద్రాసు టంకసాలలో వేసిన వెండి పావు వరహాది. ఒక వైపు గుడి గోపురం, ఇంకొక వైపు విష్ణుమూర్తి, చుట్టూ పట్టీలో తమిళ, తెలుగు అక్షరాలు. తెలుగు ఉన్న వెండి నాణెం ఒక్కటైనా సొంతంగా ఉండాలని అతని కోరిక. దానికోసం విడిగా డబ్బు దాచేవాడని తండ్రి చెప్పాడు. ఆ డబ్బుతో ఏం చేశారని నేను అడగలేదు.

పోయిన వారం ఆ పన్నెండో రూపాయిని, తోమనిదాన్ని, నూలు గుడ్డలో చుట్టి తీసుకుపోయాను. అమ్మడానికి కాదు, హోల్డరులో పెట్టించుకోవడానికి. పెద్దాయన గడియారాలు చూసే కంటి అద్దం ఎడమ కంటికి పెట్టుకుని చాలాసేపు చూశాడు. అంచు పట్టుకునే చూశాడు. "రాణి రూపాయని తెలుస్తా ఉంది. అంతకు మించి నాకు తెలీదు సార్, మావాడైతే చెప్పేవాడు" అన్నాడు. సంవత్సరం నేనే చదివి చెప్పాను, 1877. ఆయన అది రాసుకుని, హోల్డరును మడిచి, నాలుగు వైపులా పిన్నులు కొట్టి, కలం పట్టుకుని నా వైపు చూశాడు.

"ఏ ఊరు సార్?"

అల్లూరు అని చెప్పాను. నాయనమ్మ ఇనప్పెట్టె అని కూడా రాయమన్నాను. ఆయన చెయ్యి కొద్దిగా వణుకుతుంది కనుక అక్షరాలు పెద్దవిగా వచ్చాయి, చివరి మాట అంచు దాటి వెనక వైపుకు పోయింది.