బైక్ ట్రైనింగ్ ప్యాకేజీ: కొన్నేళ్లు బండి నడిపాక నా సమీక్ష

లైసెన్స్ టెస్ట్ పాసవడానికి ట్రైనింగ్ కావాలా అని అడిగితే, సైకిల్ తొక్కడం వచ్చినవాళ్లకు పెద్దగా అక్కర్లేదంటాను. హైదరాబాద్ ట్రాఫిక్‌లో రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి కావాలా అంటే మాత్రం, డ్రైవింగ్ స్కూల్ వాళ్లు అమ్మే ప్యాకేజీ కంటే ఎక్కువే కావాలి. కాకపోతే అదంతా టెస్ట్‌కు ముందే కొనేసుకోవాల్సిన పని లేదు. స్కూల్ వాళ్లు రెండు అవసరాలనూ కలిపేసి ఒకటే రేటు చెప్తారు, మనమూ ఆలోచించకుండా కట్టేస్తాం.

నేను చేరింది మా హబ్సిగూడ దగ్గర్లోని ఒక చిన్న స్కూల్లో, గేర్ బండి కోర్సుకు. అప్పట్లో నాలుగు వేల చిల్లర తీసుకున్నారు. లైసెన్స్ వచ్చాక యమహా ఎఫ్‌జెడ్ బైక్ కొన్నాను. కొన్నేళ్లుగా దాని మీదే మాదాపూర్‌కు వెళ్లొస్తున్నాను. కోర్సులో నేర్పినదాంట్లో ఏది నిలిచింది, ఏది టెస్ట్ రోజుతోనే అయిపోయింది అన్నది ఇప్పుడైతే ధైర్యంగా చెప్పగలను.

ముందు రూల్స్ సంగతి, ఎందుకంటే ఫీజు ఎంత కట్టాలన్నది సగం వాటి మీదే ఆధారపడి ఉంది. సొంత బైక్ నడుపుకోవడానికి డ్రైవింగ్ స్కూల్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) వచ్చాక కనీసం 30 రోజులు ఆగాలి, అది 6 నెలలు చెల్లుతుంది, ఆ లోపు టెస్ట్ ఇవ్వాలి. తెల్ల బోర్డు మీద ఎర్ర ‘ఎల్’ పెట్టుకుని ఆ నెలలన్నీ ప్రాక్టీసు చేసుకోవచ్చు. కారుకైతే పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, బైక్‌కు ఆ నియమం లేదు. నేర్పే మనిషిని తప్ప ఇంకెవరినీ వెనక ఎక్కించుకోకూడదు, అంతే. టెస్ట్ ఫెయిలైతే 7 రోజుల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు. మూడుసార్లు ఫెయిలైతే అప్పుడు 60 రోజులు ఆగాలి. అంటే ‘ఫెయిలైతే ఎలా’ అన్న టెన్షన్‌తో పెద్ద ప్యాకేజీ కొనడం అనవసరం. స్కూళ్లు అమ్మేది మాత్రం ఎక్కువగా ఆ టెన్షన్‌నే.

గేర్ బండా, స్కూటరా అన్నది కూడా ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి. స్కూటర్ మీద టెస్ట్ ఇస్తే గేర్ లేని బండికే లైసెన్స్ వస్తుంది. రేపు బైక్ కొంటే మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ నుంచి మొదలు. ఎప్పటికైనా బైక్ నడిపే ఉద్దేశం ఉంటే నాలుగు క్లాసులు ఎక్కువైనా గేర్ బండితోనే నేర్చుకోవడం మేలు.

ఇక క్లాసులు. పొద్దున్నే ఉస్మానియా యూనివర్సిటీ క్యాంపస్ రోడ్ల మీద. ఆ వేళకు వాకింగ్ చేసేవాళ్లు, క్రికెట్ కిట్లు మోసుకొచ్చే పిల్లలు, మాలాగే ‘ఎల్’ బోర్డు తగిలించుకుని వణుకుతూ వచ్చేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు. ఇన్‌స్ట్రక్టర్ పెద్దాయన. మొదటి రోజు యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వలేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫస్ట్ గేర్‌లో, ఒక్క క్లచ్‌తోనే బండిని మనిషి నడిచే వేగంతో ముందుకు పోనివ్వమన్నారు. క్లచ్ కొద్దికొద్దిగా వదులుతుంటే ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కి, బండి మెల్లగా ముందుకు లాగుతుంది. వేళ్లు అక్కడ ఆగాలి. అది చేతికి పట్టుబడేదాకా మిగతాదేదీ చెప్పలేదు. ఆ రోజు బోర్ కొట్టిన మాట నిజమే. ఇవాళ బేగంపేట ట్రాఫిక్‌లో కాలు కింద పెట్టకుండా మెల్లగా పాకగలుగుతున్నానంటే అది ఆ పాఠం పుణ్యమే.

తర్వాత రోడ్డు మీద రెండు పెంకు ముక్కలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది వేయించారు. నా చూపు పెంకు మీదికి పోయేది, బండి కూడా సరిగ్గా దాని మీదికే పోయేది. “నేలకు చూడకు బిడ్డా, నువ్వు యాడ చూస్తే బండి గాడికే పోతది” అని వెనక నుంచి ఒకటే అరుపు. తల తిప్పి, ఎటు వెళ్లాలో అటు చూడటం మొదలెట్టాక బండి దానంతటదే తిరిగింది. టెస్ట్‌లో నిజంగా కావాల్సింది ఇదొక్కటే: వంపుల ట్రాక్ మీద కాలు ఆనించకుండా తిప్పడం.

ఎనిమిది వేయడం టెస్ట్ కోసమే, రోడ్డు మీద ఎందుకూ పనికిరాదని చాలామంది అంటారు. నేనొప్పుకోను. ఈ ఊళ్లో ఎన్నో సిగ్నళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. ఎదురుగా వచ్చే బస్సుకూ డివైడర్‌కూ మధ్య, ఇరుకులో, నిదానంగా, కాలు పెట్టకుండా తిప్పడం అంటే సగం ఎనిమిదే కదా. అందుకే ప్యాకేజీలో ఈ భాగానికి నా పూర్తి మార్కులు.

మిగతా వాటికే కోత పడుతుంది. గంట క్లాస్ అన్నారు గానీ ఒకే బండికి ముగ్గురు. హ్యాండిల్ నా చేతిలో ఉండేది పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. తక్కినంతసేపూ చెట్టు కింద నిలబడి మన వంతు కోసం చూడటమే. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం 2021 జులై నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల్లో కారు కోర్సు 4 వారాల్లో 29 గంటలు ఉండాలన్నారు, అందులో 21 గంటలు ప్రాక్టికల్. దాని పక్కన మన బైక్ ప్యాకేజీలు పెట్టి చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. అందుకే ‘ఎన్ని రోజుల కోర్సు’ అని అడగొద్దు. ‘రోజుకు ఎన్ని నిమిషాలు బండి నా చేతిలో ఉంటుంది’ అని అడగండి. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన స్కూల్లో చేరండి.

ఇంకో లోటు బ్రేకులు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో డ్రైవింగ్ టెస్ట్‌కు సంబంధించిన 15వ నిబంధన చదివితే ముచ్చటేస్తుంది. అద్దం చూసుకోవడం, సరైన సిగ్నల్ ఇవ్వడం, అత్యవసరంగా ఆపడం, అన్నీ అందులో ఉన్నాయి. ట్రాక్ మీద రెండు మూడు నిమిషాల్లో అవన్నీ ఎవరు చూస్తారు? టెస్ట్‌లో చూడనిదాన్ని స్కూల్ వాళ్లు నేర్పరు. నాకు వెనక బ్రేకే నేర్పారు, “ముందుది వట్టకు, పడ్తవ్” అన్నారు. నడిచే వేగంలో హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ఆ మాట నిజమే. కానీ 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. ముందున్న ఆటో ఠక్కున ఆగితే మన బుర్రకు విషయం ఎక్కేలోపే ఆ 11 మీటర్లూ అయిపోతాయి. అప్పుడు వెనక బ్రేక్ ఒక్కటే తొక్కితే చక్రం పట్టేసి జారుతుంది. బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. దాన్ని గుంజకూడదు, నిమ్మకాయ పిండినట్టు పోనుపోను బిగించాలి. నా ఎఫ్‌జెడ్‌కు ముందు చక్రానికి ఏబీఎస్ ఉంది, అంటే బ్రేక్ గట్టిగా పట్టినా చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి, అంతకు తక్కువ వాటికి రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ అయినా ఉండాలి. ఏబీఎస్ ఉన్నా వంపులో, ఇసుక మీద ముందు బ్రేక్ గట్టిగా పట్టడానికి నేనిప్పటికీ సాహసించను.

లైసెన్స్ చేతికొచ్చి సొంత బండి కొన్నాక ఆ పెద్దాయన్నే మళ్లీ పిలిచి, విడిగా డబ్బులిచ్చి కొన్ని గంటలు నేర్చుకున్నాను. మొత్తం ఖర్చులో బాగా గిట్టుబాటైంది ఇదే. స్కూల్ స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకు నొక్కితే పడతాయి. ఎఫ్‌జెడ్‌లో ఒకటి కిందికి, మిగతావి పైకి. క్లచ్ పట్టే చోటు కూడా వేరు. అంటే చేతికీ కాలికీ అలవాటైనదంతా మళ్లీ సర్దుకోవాలి. ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద 40లో వెళ్తూ రెండు బ్రేకులతో ఆపడం పదే పదే చేయించారు. తర్వాత కేబీఆర్ పార్క్ పక్కనుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వైపు ఎత్తులో బండి ఆపించారు. కుడికాలు వెనక బ్రేక్ మీద, ఎడమకాలు నేల మీద. క్లచ్ పట్టే చోటికి తెచ్చి, కొంచెం రేజ్ చేసి, బండి ముందుకు లాగుతోందని తెలిశాకే బ్రేక్ వదలాలి. వెనక కారు బంపర్ అంటుకుని నిలబడే ఈ ఊళ్లో ఇది రాకపోతే రోజూ నరకమే. క్యాంపస్‌లో మేం తిరిగినంత మేరా రోడ్డు చదునే కాబట్టి కోర్సులో దీని ఊసే రాలేదు.

వాన సంగతి ఎవరూ నేర్పలేదు, ఫ్లైఓవర్లే నేర్పాయి. తొలి చినుకులు పడ్డ కాసేపు రోడ్డు మీది దుమ్మూ ఆయిలూ తేలి, అప్పుడే ఎక్కువ జారుడు. ఫ్లైఓవర్ జాయింట్ల ఇనుప పట్టీలు, జీబ్రా గీతల పెయింట్, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే నమ్మడానికి లేదు. వాటి మీద బ్రేకూ వద్దు, వంపూ వద్దు. వాన పడగానే ఫ్లైఓవర్ కింద సగం రోడ్డు ఆక్రమించి నిలబడే మన బైకు సోదరుల గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇప్పుడెవరైనా అడిగితే మనిషిని బట్టి చెప్తాను. ఏళ్లుగా స్కూటర్ నడుపుతూ ట్రాఫిక్ అలవాటున్నవాళ్లకు క్లచ్, గేర్ల కోసం రెండు మూడు పొద్దులు చాలు. సైకిల్ కూడా రానివాళ్లు స్కూల్లో చేరకముందు అద్దె సైకిల్ మీద బ్యాలెన్స్ నేర్చుకోవాలి, బ్యాలెన్స్ కోసం బైక్ క్లాసు డబ్బులు పోయడం దండగ. మగవాళ్ల మధ్య నేర్చుకోవడం ఇబ్బంది అనుకునే ఆడవాళ్లకు మన ఊళ్లో మోవో అనే సంస్థ ప్రత్యేకంగా టూ వీలర్ నేర్పుతోంది. మిగతా అందరూ టెస్ట్‌కు ముందు చిన్న కోర్సే తీసుకుని, 30 రోజుల ఆగుడులో సొంతంగా తిరిగి, ఇంకో సగం డబ్బులు సొంత బండి వచ్చేదాకా దాచుకుంటే మంచిది.

మా తోడికోడలు మొన్ననే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంది. స్కూల్ వాళ్లు ఫుల్ ప్యాకేజీకి డిస్కౌంట్ ఇస్తామన్నారట. డిస్కౌంట్ వద్దు, సగం కోర్సే రాయించుకో, మిగతాది చెక్‌పోస్ట్ ఎత్తు దగ్గర నేర్చుకుందువుగానీ అన్నాను. బావగారు నేనే నేర్పిస్తానంటున్నారు. ఆయన ముందు బ్రేక్ వాడగా నేనింతవరకు చూడలేదు.