కాయిల్ స్ప్లిట్ తీసేసి సిరీస్–ప్యారలల్ పెట్టించుకున్నాక

పెళ్లి రిసెప్షన్లలో వాయించేవాళ్లు గిటార్‌లో ఒకే ఒక్క పుష్‌పుల్ పాట్ (లాగితే, నొక్కితే స్విచ్‌లా కూడా పనిచేసే గుబ్బ) పెట్టించుకోవాలనుకుంటే దాన్ని కాయిల్ స్ప్లిట్‌కు, అంటే పికప్‌లోని రెండు కాయిల్స్‌లో ఒకదాన్ని ఆపేయడానికి, వాడొద్దు; సిరీస్–ప్యారలల్‌కు, అంటే రెండిటినీ ఉంచి అవి కలిసే తీరు మార్చడానికి, వాడుకోండి. ఇంతకాలం వాయించాక నేను గట్టిగా చెప్పగలిగేది ఇదే. మిగతా వైరింగ్ మార్పులు ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. ఇది మాత్రం నా గిటార్‌నే మార్చేసింది.

నాది హెచ్ఎస్ఎస్ గిటార్. తీగల శబ్దాన్ని పట్టుకునే పికప్‌లు మూడు: బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్ ఉన్న పికప్), మధ్యలో ఒకటీ నెక్ దగ్గర ఒకటీ సింగిల్ కాయిల్స్. ఏది మోగాలో ఎంచుకునే ఫైవ్ వే స్విచ్ (సెలెక్టర్; 1 అంటే బ్రిడ్జ్, 5 అంటే నెక్), ఒక వాల్యూమ్ గుబ్బ, రెండు టోన్ గుబ్బలు. ఇలాంటి గిటార్ల సంగతి అందరికీ తెలుసు కాబట్టి చెక్క ఏమిటి, నెక్ ఎలా ఉంది అనేవి వదిలేస్తున్నా. నేను వాయించేది తిరుపతిలో ఒక లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలో. ముహూర్తాలు మొదలైతే తిరుచానూరు రోడ్డు, రేణిగుంట రోడ్డు మంటపాల చుట్టూనే మా బతుకు. అప్పుడప్పుడూ చిత్తూరు, శ్రీకాళహస్తి కూడా పోతుంటాం. ప్రోగ్రాం మొదట్లో స్వామివారి కీర్తన, దానికి క్లీన్ టోన్‌లో విడివిడిగా మోగే తీగలు కావాలి. తర్వాత పాత మెలోడీలు. భోజనాల టైముకు కుర్రాళ్లు స్టేజీ ముందుకొచ్చేస్తారు, అప్పుడు డిస్టార్షన్ లేకపోతే ఒప్పుకోరు. పాటకూ పాటకూ మధ్య గిటార్ మార్చుకునే వ్యవధి ఉండదు. అన్నీ ఒక్కదాంట్లోనే రావాలి.

అందుకే మొదట అందరిలాగే నేనూ కాయిల్ స్ప్లిట్ పెట్టించాను. గుబ్బ పైకి లాగితే హంబకర్‌లో ఒక కాయిల్ ఆగిపోయి రెండోది ఒక్కటే మోగుతుంది. ఇంట్లో వాయిస్తుంటే చాలా బాగుండేది. సన్నగా, గలగలమంటూ, ఫెండర్ కంపెనీ స్ట్రాట్ గిటార్‌కు దగ్గరగా ఉండేది. ఆ రోజుల్లో అడిగినవాళ్లందరికీ పెట్టించుకోమనే చెప్పాను. ఇంట్లో వాయించేవాళ్లకు ఆ మాట ఇప్పటికీ సరిపోతుంది.

మంటపంలో వ్యవహారం వేరు. వెనక ఎల్ఈడీ వాల్, పక్కన లైట్ల డిమ్మర్లు, మంటపం నిండా సీరియల్ సెట్లు, బయట జనరేటర్. మన కరెంటు 50 హెర్ట్జ్. సింగిల్ కాయిల్ ఆ కరెంటు నుంచి వచ్చే గుంయ్‌మనే హమ్‌నూ, దానిమీద డిమ్మర్లు కలిపే జుయ్‌మనే శబ్దాన్నీ యాంటెన్నాలా పట్టుకుంటుంది. కీర్తనలో పల్లవికీ చరణానికీ మధ్య అందరూ ఆగిన చోట నా గిటార్ ఒక్కటే జుయ్‌మంటుంటే ఎంత ఇబ్బందిగా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. శబ్దం తగ్గగానే మూసేసే నాయిస్ గేట్ పెడితే మోగుతున్న తీగ చివరను కత్తిరించేస్తుంది, ఆర్పెజియో (కార్డ్‌లోని స్వరాలను ఒక్కొక్కటిగా) వాయించేటప్పుడు అది వినలేం. లోపలంతా రాగి రేకు అంటించి షీల్డింగ్ చేయించాను. జుయ్ కొంత తగ్గింది కానీ ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని రాగి రేకు ఆపలేదు కదా, అసలు హమ్ అలాగే ఉండిపోయింది. దానికి తోడు స్ప్లిట్ చేయగానే వాల్యూమ్ పడిపోయేది. మిక్సర్ దగ్గరున్న తమ్ముడు ఫేడర్ పెంచితే హమ్ కూడా పెరిగేది.

అసలు హంబకర్ పుట్టిందే హమ్‌ను అణచడానికి. గిబ్సన్ గిటార్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. రెండు కాయిల్స్‌ను ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి, అయస్కాంతం ధ్రువాలనూ వ్యతిరేకంగా ఉంచితే తీగల శబ్దం కలిసి పెరుగుతుంది, బయటి హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. స్ప్లిట్ చేయడమంటే ఆ ఏర్పాటును మనంతట మనమే తీసిపారేయడం. ప్యారలల్‌లో రెండు కాయిల్సూ పనిచేస్తూనే ఉంటాయి, ఒకదాని వెనక ఒకటి కాకుండా పక్కపక్కన కలుస్తాయి, అంతే తేడా. హమ్ పోతుంది, టోన్ సన్నబడుతుంది. మామూలు హంబకర్ సిరీస్‌లో 8 కిలో ఓమ్స్ ఉందనుకుంటే ఒక్కో కాయిల్ 4, ప్యారలల్‌లో 2. ఇండక్టెన్స్ కూడా దాదాపు అలాగే తగ్గుతుంది కాబట్టి పై స్వరాలు విచ్చుకుని వినిపిస్తాయి. దీనికి కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. స్ప్లిట్‌కు వాడిన పుష్‌పుల్ పాటే, దాని కింద ఉన్న ఆరు కాళ్ల స్విచ్చే. వైర్లు మార్చి కలపాలి, అంతే. కాకపోతే పికప్ నాలుగు వైర్లది అయ్యుండాలి. పాతకాలపు ఒకే వైరు హంబకర్‌తో ఇది కుదరదు.

వైర్ల రంగుల దగ్గర మాత్రం జాగ్రత్త. సేమోర్ డంకన్ పికప్‌లో నలుపు వైరు హాట్ (సిగ్నల్ పోయేది), తెలుపూ ఎరుపూ కలిపి అతికించేవి, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపూ తెలుపూ కలిపేవి. అంటే ఒక కంపెనీ బొమ్మ చూసి ఇంకో కంపెనీ పికప్ అతికిస్తే నలుపు దగ్గరే తేడా కొడుతుంది. ఒక కాయిల్ తిరగబడితే శబ్దం ముక్కుతో మాట్లాడినట్టు పీలగా వస్తుంది, హమ్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. నాకు అతికించి ఇచ్చింది ఊళ్లో ఆంప్లిఫయర్లు రిపేరు చేసే అన్న. గిటార్ చేతిలోకి తీసుకుని "ఎవురూ అడగని పని అడగతా ఉండావే సామీ" అన్నాడు. నేను తీసుకెళ్లిన బొమ్మను పక్కన పెట్టి, ముందు మీటరుతో ఏ రెండు వైర్లు ఒక కాయిల్‌వో చూసుకున్నాడు. తర్వాత ముల్లు ఉండే పాత మీటరు తగిలించి, ఇనుప స్క్రూ డ్రైవర్‌ను పికప్ మీద ఆనించి టక్కున లాగుతూ, ముల్లు ఎటు కదులుతోందో ఒక్కో కాయిల్‌కూ రాసుకున్నాడు. రంగుల్ని నమ్ముకోకుండా చేసిన ఆ పని వల్ల మొదటిసారే సరిగ్గా కుదిరింది.

ఆ వారమే ఒక రిసెప్షన్‌లో కీర్తనకు గుబ్బ పైకి లాగి వాయించాను. అవే డిమ్మర్లు, అదే ఎల్ఈడీ వాల్. తీగ మీద చెయ్యి పెట్టి ఆపితే స్పీకర్లలో ఏమీ లేదు. గేట్ తీసేశాను. తీగలు పూర్తిగా మోగి వాటంతట అవే తగ్గుతుంటే నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు. అప్పట్నుంచి క్లీన్ పాటలన్నీ దాంట్లోనే.

ఇక ఇది మొరాయించిన రోజు గురించి కూడా చెప్పాలి. మంచి ఎండాకాలం, ఏసీ లేని మంటపం, చేతులు చెమటతో జారుతున్నాయి. మెలోడీ అయిపోయి మాస్ పాట ఎత్తుకోవాలి, ఇంట్రో గిటార్‌దే. ప్యారలల్ నుంచి సిరీస్‌కు రావడానికి గుబ్బ కిందికి నొక్కి, డిస్టార్షన్ పెడల్ తొక్కి, తీగ మీటాను. ఏమీ రాలేదు. డ్రమ్స్ నడుస్తూనే ఉన్నాయి. గుబ్బ మళ్లీ లాగాను, అప్పుడూ లేదు. సెలెక్టర్‌ను 1 నుంచి 2కు తోశాను, మధ్య పికప్ ఒక్కటే పలికింది. అంటే కేబులూ ఎఫెక్ట్స్ ప్రాసెసరూ బాగానే ఉన్నాయి, హంబకర్ నుంచి సెలెక్టర్‌కు వచ్చే దారి మాత్రమే తెగింది. పాడే చెల్లెలు వెనక్కి తిరిగి "అన్నా, గిటార్ లేదు" అని సైగ చేస్తోంది. కీబోర్డు ఆయన అప్పటికే కింది ఆక్టేవ్‌లో ఇంట్రో అందుకున్నాడు.

మధ్య పికప్ ఒక్కదాంతో డిస్టార్షన్ వాయిస్తే ఆ లైట్ల మధ్య హమ్ తప్ప ఏమీ వినపడదు. నేరుగా 4కు పోయాను. నా గిటార్‌లో మధ్య పికప్‌ను నెక్ పికప్‌కు వ్యతిరేక దిశలో చుట్టి, అయస్కాంతం కూడా తిప్పి పెట్టారు. అందువల్ల ఆ రెండూ కలిసిన 4లో హమ్ ఉండదు. రిఫ్‌లో బరువు తగ్గింది, మాట నిజమే, కానీ శుభ్రంగా వచ్చింది. మిగిలిన ప్రోగ్రాం అంతా 4, 5లతోనే లాగించాను. భోజనాల విరామంలో విప్పి చూద్దామంటే పిక్‌గార్డ్ కింద వైరింగ్ ఉన్న గిటార్‌లో ముందు తీగలన్నీ వదులు చేయాలి. పది నిమిషాల్లో అయ్యే పని కాదు.

మర్నాడు అన్న దగ్గరికి తీసుకెళ్తే విప్పక ముందే సంగతి చెప్పేశాడు. జాక్‌లో కేబుల్ పెట్టి, అవతలి కొసన మీటరు పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తిప్పాడు. సిరీస్‌లో 8కి దగ్గరగా, ప్యారలల్‌లో 2కి దగ్గరగా చూపించాల్సిన మీటరు, గుబ్బ పైకి లాగినా కిందికి నొక్కినా 500 కిలో ఓమ్స్ దగ్గరే నిలబడింది. అది వాల్యూమ్ పాట్ విలువ. పికప్ అసలు తగలడం లేదన్నమాట. ఈ పరీక్ష నేర్చుకున్నాక ప్రతి ప్రోగ్రాం ముందు ఇంట్లో నేనే చేసుకుంటున్నా, గిటార్ విప్పాల్సిన పనే లేదు.

విప్పి చూస్తే కారణం పాట్ కాదు, దాని నట్టు. రోజూ లాగడం, నొక్కడం, తిప్పడంతో నట్టు కొద్దికొద్దిగా వదులై, గుబ్బతో పాటు పాట్ మొత్తం రంధ్రంలో తిరగడం మొదలైంది. తిరిగినప్పుడల్లా వైర్లు మెలిపడ్డాయి. స్విచ్ నుంచి సెలెక్టర్‌కు పోయే వైరు సింగిల్ స్ట్రాండ్‌ది. అది అతికించిన చోటుకు కాస్త పైన తెగిపోయి, ఇన్సులేషన్ ఆధారంతో వేలాడుతోంది. అన్న దాని బదులు సన్నటి మల్టీ స్ట్రాండ్ వైరును కొంచెం వదులుగా ఉండేలా వేశాడు. పాట్ కింద పళ్ల వాషర్ ఒకటి పెట్టి నట్టు బిగించాడు. మళ్లీ ఆ సమస్య రాలేదు. పుష్‌పుల్ పెట్టించుకునేవాళ్లు పళ్ల వాషర్ ఉందో లేదో దగ్గరుండి చూసుకోండి. మామూలు పాట్‌కు అది లేకపోయినా నడిచిపోతుందేమో కానీ, రోజుకు పాతికసార్లు లాగే పాట్‌కు నడవదు.

చెమట చేతులతో లాగేటప్పుడు గుబ్బే ఊడి చేతికొచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి. స్ట్రాట్ రకం గుబ్బలు కింద వెడల్పు, పైన సన్నం, గోరు ఆనించి లాగాలి. కొత్తగా చేయించుకునేవాళ్లకు నొక్కితే పైకి లేచే పుష్‌పుష్ పాట్ దొరికితే అదే తీసుకోమంటాను. వాల్యూమ్‌కు మాత్రం ఏ రకమూ వద్దు. చిటికెనవేలు వాల్యూమ్ మీదే ఉంటుంది కాబట్టి మధ్యలో పొరపాటున టోన్ మారిపోతుంది. నాది జాక్ పక్కనున్న కింది టోన్‌కు ఉంది. కొనేముందు మీ గిటార్ లోపలి గాడి లోతు కూడా చూసుకోండి, ఈ పాట్లు మామూలు వాటికంటే పొడవు.

ప్యారలల్ అచ్చంగా సింగిల్ కాయిల్‌లా ఉంటుందా అంటే, ఉండదు. ఆ చురుకుదనం కొంచెం తక్కువ. విడిగా వింటే తేడా తెలుస్తుంది, కీబోర్డు, తబలా, ప్యాడ్స్ మధ్య తెలియదు. సిరీస్ కంటే వాల్యూమ్ కూడా తగ్గుతుంది, కాకపోతే క్లీన్ పాటలకు ఎలాగూ ప్రాసెసర్‌లో వేరే ప్యాచ్ (సెట్టింగ్) వాడతాను కాబట్టి అక్కడే పెంచి పెట్టుకున్నా.

నన్ను ఇప్పటికీ వేధించేది 2వ పొజిషన్. బ్రిడ్జ్, మధ్య పికప్‌లు కలిసి టింగుమంటూ మోగే ఆ టోన్ కోసం పాతకాలం వాళ్లు మూడు పొజిషన్ల స్విచ్‌ను మధ్యలో ఇరికించి మరీ వాయించేవాళ్లు. ఫెండర్ 1977 నుంచి ఫైవ్ వే స్విచ్ ఇచ్చింది. అక్కడ కాయిల్ స్ప్లిట్‌దే పైచేయి. మధ్య పికప్‌కు వ్యతిరేకంగా చుట్టి ఉన్న కాయిల్‌ను మోగనిస్తే ఆ రెండూ కలిసి హమ్‌ను చంపేస్తాయి, టోన్ కూడా అసలైనదే. ప్యారలల్‌లో అలా కాదు. హంబకర్ తన హమ్‌ను తానే చంపుకుంటుంది కానీ, మధ్య పికప్ హమ్‌కు జత దొరకదు. కాబట్టి 2లో వాయించినప్పుడు నా గిటార్ కొంత జుయ్‌మంటూనే ఉంటుంది. మొత్తం హమ్ పోయిందని నేను తెలిసినవాళ్లతో చెప్పింది 1వ పొజిషన్‌కు వర్తిస్తుంది, 2కు కాదు.

దీనికి మందు లేకపోలేదు. మూడు స్థానాల చిన్న టాగిల్ స్విచ్ పెడితే సిరీస్, స్ప్లిట్, ప్యారలల్ మూడూ వస్తాయి, కానీ పిక్‌గార్డ్‌కు రంధ్రం పెట్టాలి. నాలుగు పోల్స్ ఉండే సూపర్ స్విచ్ వేస్తే 2లో దానంతట అదే స్ప్లిట్ అయ్యేలా కలపొచ్చు. దాంట్లోనే ఇంకో సౌకర్యం ఉంది. 500 కె పాట్‌తో సింగిల్ కాయిల్స్ మరీ పదునుగా వినిపిస్తే, అవి మోగే పొజిషన్లలో మాత్రం 470 కె రెసిస్టర్ గ్రౌండ్‌కు పడేలా చేస్తే పాట్ విలువ 242 దగ్గరికొస్తుంది, వాటికి అలవాటైన 250కి దాదాపు సమానం. నేను సూపర్ స్విచ్ వైపే మొగ్గుతున్నా. ముహూర్తాలు లేని ఆషాఢంలో చేయించాలనుకుంటున్నా, సీజన్ మధ్యలో గిటార్ విప్పదీసే ధైర్యం లేదు.

ఇంట్లో రికార్డింగ్ చేసుకునేవాళ్లు, కరెంటు శుభ్రంగా ఉన్న చోట వాయించేవాళ్లు, 2వ పొజిషన్ మీదే బతికేవాళ్లు స్ప్లిట్ ఉంచుకోండి, మార్చాల్సిన అవసరం లేదు. రెండు హంబకర్ల గిటార్ అయితే లెక్కలు వేరు, అది నేను ఎక్కువ రోజులు వాడలేదు. నాలాగా మంటపాల్లో, ప్రాసెసర్ నుంచి నేరుగా మిక్సర్‌కు పోయేవాళ్లైతే, ముఖ్యంగా మొదటి పాట నెమ్మదిగా సాగే కీర్తన అయితే, ప్యారలల్ చేయించుకోండి. పాట్ ఖర్చు వందల్లోనే ఉంటుంది. అతికించడానికి గిటార్ టెక్నీషియనే కావాలని లేదు, మీటరు పట్టడం తెలిసి, తొందరపడని రిపేరు మనిషి చాలు. రంగుల బొమ్మతో పాటు మీ పికప్ ఏ కంపెనీదో కాగితం మీద రాసి తీసుకెళ్లండి.