వర్జీనియా వెళ్తే రిచ్‌మండ్ వదలొద్దు

వర్జీనియా అనగానే మనవాళ్లు మౌంట్ వెర్నన్ (జార్జ్ వాషింగ్టన్ ఇల్లు), లూరే గుహలు చూసుకుని వచ్చేస్తారు. రాష్ట్ర రాజధాని రిచ్‌మండ్‌ని హైవే మీది నుంచి చూడటమే. చరిత్ర మీద ఆసక్తి ఉంటే అక్కడ కనీసం ఒక రాత్రి ఆగండి.

కాపిటల్, అంటే రాష్ట్ర శాసనసభ భవనం, చూడటానికి టికెట్ లేదు, గైడ్ కూడా ఉచితమే. భవనం నమూనా తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్‌ది. ఫ్రాన్స్‌లోని నీమ్ ఊళ్లో ఉన్న రోమన్ గుడిని చూసి గీయించారు. మధ్య హాల్లో వాషింగ్టన్ పాలరాతి విగ్రహం దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను. 1784లో శాసనసభ తీర్మానిస్తే, హూడాన్ అనే ఫ్రెంచి శిల్పి మరుసటి ఏడాది మౌంట్ వెర్నన్‌కే వచ్చి ఆయన ముఖం అచ్చు తీసుకున్నాడు. 1796లో విగ్రహం ఇక్కడికి చేరింది. కత్తి తీసి పక్కన తగిలించారు, కాళ్ల వెనక నాగలి ఉంది. చెయ్యి ఆనించిన కట్టలో 13 కర్రలు, 13 రాష్ట్రాలకు గుర్తుగా.

ఇదే సభ వాషింగ్టన్‌కు రెండు కాలువల కంపెనీల్లో 150 షేర్లు కూడా ఇచ్చింది. వద్దంటే సభను అవమానించినట్టు, తీసుకుంటే డబ్బు కోసం సేవ చేసినట్టు. ఆయనకు పెద్ద టెన్షనే అయింది. చివరికి ప్రజోపయోగానికి వాడే షరతు మీద ఒప్పుకున్నారు. వాటిలో జేమ్స్ నది కంపెనీ షేర్లు లెక్సింగ్టన్‌లోని ఒక విద్యాలయానికి వెళ్లాయి.

అందరికీ ఇంత మర్యాద దక్కలేదు. స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న 1781 జూన్‌లో బ్రిటిష్ దళం తరిమితే కొండలు దాటి స్టాంటన్ చేరిన సభ, జెఫర్సన్ గవర్నర్‌గా ఏం చేశారో విచారించాలని తీర్మానించింది. డిసెంబర్‌లో తప్పేం లేదని ధన్యవాదాలు చెప్పినా, ఆ గాయం సమాధిలోనే మానుతుందని ఆయన తన మిత్రుడు జేమ్స్ మన్రోకి రాశారు. అప్పట్లో అమెరికా సెనేటర్లను ఎన్నుకునేదీ ఈ సభే. 1788లో ఇక్కడి నాయకుడు పాట్రిక్ హెన్రీ చక్రం తిప్పడంతో జేమ్స్ మాడిసన్‌కి ఆ సీటే దక్కలేదు. అమెరికా రాజ్యాంగానికి అంత కష్టపడిన మనిషికి అలా చేయడం నాకిప్పటికీ మింగుడుపడదు.

అన్నట్టు, హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ 2019లో ఎన్నికైంది ఈ రాష్ట్ర సెనేట్‌కే.

బస విషయానికొస్తే, డౌన్‌టౌన్‌లో ఉంటే కాపిటల్‌కి నడిచే వెళ్లొచ్చు. కానీ మేం దిగిన హోటల్‌లో పార్కింగ్ ఛార్జీ విడిగా వేశారు, బుక్ చేసేటప్పుడు ఎక్కడా స్పష్టంగా చెప్పలేదు. ముందే అడగండి. వారాంతంలో ఆ చుట్టుపక్కల తినడానికి దొరికేది తక్కువ. పిల్లలుంటే ఊరి శివారులోని షార్ట్ పంప్ వైపు దిగడం మేలు, మన భోజనం దొరుకుతుంది.

జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లో రిచ్‌మండ్ నుంచి దాదాపు 70 మైళ్లు. టికెట్ ఖరీదైనదే, అయినా వెళ్లండి, కాకపోతే రిచ్‌మండ్ తర్వాత. అప్పుల్లో మునిగిన జెఫర్సన్ 1826లో తన ఆస్తిని లాటరీ వేసుకునేందుకు అనుమతి కోరింది ఇదే సభను. సభ ఒప్పుకుంది గానీ అప్పు తీరలేదు. ఆయన పోయాక, 1827 జనవరిలో ఆయన బానిసలుగా ఉంచుకున్న మనుషులను ఆ ఇంటి దగ్గరే వేలం వేశారు. బానిసత్వం గురించిన టూర్ అక్కడ విడిగా ఉంటుంది. టైం చాలకపోతే తోట చూడటం మానేసైనా సరే, దానికి వెళ్లండి.