నానోట్యూబ్ పౌడరా, డిస్పర్షనా: ఏది మేలు?

జీడిమెట్ల, చర్లపల్లి వైపు పెయింట్, ప్లాస్టిక్ యూనిట్లవాళ్లు ఎవరు ఫోన్ చేసినా ఇదే అడుగుతున్నారు: కార్బన్ నానోట్యూబ్ (పెయింటు, ప్లాస్టిక్ కరెంటు పారించేలా చేసే అతి సన్నని కార్బన్ గొట్టాలు) పౌడర్ తెచ్చి మనమే కలుపుకుందామా, రెడీ డిస్పర్షన్, అంటే ట్యూబులు ముందే విడదీసి కలిపిన పేస్టు, కొందామా?

కిలో పేస్టు రేటు చూసి మురిసిపోకండి. 5 శాతం పేస్టు 20 కిలోలు కొంటే అందులో ట్యూబులు కిలోనే, మిగతాదంతా సాల్వెంటు, డిస్పర్సెంటు (ట్యూబులు మళ్లీ ఉండకట్టకుండా వేసే మందు). ఆ లెక్కన పౌడరే చౌక, కాదనను. కానీ నన్నడిగితే అసలు సంగతి రేటులో లేదు, చిక్కు విడిపోవడంలో ఉంది. ట్యూబులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి, ఉండలో ఇరుక్కున్నవి కరెంటుకు దారి ఇవ్వవు, దండగే. బాగా విడితే ప్లాస్టిక్‌లో కార్బన్ బ్లాక్ (మసిలాంటి నల్ల పొడి) 15-20 శాతం పట్టే చోట మల్టీవాల్ (చాలా పొరల) ట్యూబులు 2-4 శాతంతో సరిపెడతాయి, ఎపాక్సీలో సింగిల్‌వాల్‌కి (ఒకే పొర ట్యూబులకి) 0.1 శాతం కూడా అక్కర్లేకపోవచ్చు. మామూలు స్టిరర్‌తో గంటసేపు తిప్పిన ఎపాక్సీని హెగ్‌మన్ గేజ్ (గింజల సైజు చూపే గాడి ఉన్న ఉక్కు దిమ్మ) మీద లాగి చూడండి, గింజలు గీతలు గీతలుగా బయటపడతాయి. పోనీ గట్టిగా మిల్లులో వేద్దామంటే ట్యూబులు విరిగి పొట్టివవుతాయి, డబ్బు పెట్టింది ఆ పొడవుకే కదా!

దుమ్ము సంగతి వేరే. అమెరికాలో పనివాళ్ల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ సూచించిన పరిమితి క్యూబిక్ మీటరు గాలికి 1 మైక్రోగ్రాము. గుడ్డ మాస్కుతో అయ్యే పని కాదు.

అందుకే ఈమధ్య ఒక ఫార్మా యూనిట్ ఫ్లోరుకి యాంటీస్టాటిక్ (స్టాటిక్ కరెంటు పేరుకోని) ఎపాక్సీ చేయాల్సి వచ్చినప్పుడు నేను రెజిన్‌లో కలిపిన సింగిల్‌వాల్ కాన్సెంట్రేటే తీసుకున్నాను. వాళ్లకి లేత బూడిద రంగు కావాలి, కార్బన్ బ్లాక్‌తో అది రాదు.

డిస్పర్షన్ కొనేటప్పుడు అది దేంట్లో ఉందో చూడండి. బ్యాటరీ క్యాథోడ్‌కి మామూలుగా ఎన్‌ఎంపీ అనే సాల్వెంటులోది, యానోడ్‌కి సీఎంసీ అనే జిగురు వేసిన నీళ్లలోది. యానోడ్‌లో సిలికాన్ ఉంటే సింగిల్‌వాలే నయం, చార్జింగ్‌లో సిలికాన్ మూడింతలకు పైగా ఉబ్బినా పొడవాటి ట్యూబులు పట్టు వదలవు. బ్యాటరీకైతే ట్యూబుల తయారీలో మిగిలిపోయే ఇనుము, కోబాల్టు ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉన్నాయో సర్టిఫికెట్‌లో రాయించుకోండి. నీటి పెయింటుకైతే డిస్పర్సెంటు ఎండిన పూతలో ఉండిపోయి ఆ పూత తడికి తట్టుకోకపోవచ్చు, ముందు చిన్న ప్యానెల్ మీద చూసుకోండి. ప్లాస్టిక్‌కి ఆలోచన అక్కర్లేదు, మాస్టర్‌బ్యాచే (ట్యూబులు ముందే దట్టంగా కలిపిన ప్లాస్టిక్ గింజలు).

సొంత బీడ్ మిల్లు (చిన్న పూసలతో నూరే మిల్లు), దుమ్ము లాగే ఏర్పాటు ఉండి, నెలనెలా ఒకే గ్రేడు టన్నుల్లో చేసేవాళ్లకే పౌడరు. మిగతావాళ్లు పేస్టే కొనండి, డ్రమ్ము మూత మాత్రం బిగించి పెట్టుకోండి. ఎండలో రేకుల షెడ్డులో అంచున ఎండి పెచ్చు కడితే అది మళ్లీ విడదు, గీకి లోపలికి తోయకండి.