గాడి అక్షరాల చెక్క పలక: మూడేళ్లు, ఇద్దరు పిల్లలు

మా పాపకి మూడేళ్లు నిండిన ఏడాది, 2023లో, విజయవాడ పుస్తక మహోత్సవంలో అచ్చుల చెక్క పలక ఒకటి కొన్నాను. వేప చెక్క. పెద్ద నోటుబుక్కంత ఉంటుంది, అరంగుళం మందం. అక్షరాలు గాడిలా లోతుగా చెక్కి ఉంటాయి. ఆ గాడిలో వేలు పెట్టి గానీ, దారంతో కట్టి ఇచ్చిన చెక్క పుల్లతో గానీ దిద్దించాలి. ధర 380 రూపాయలు. నెల తర్వాత హల్లుల పలక ఆన్‌లైన్‌లో తెప్పించాను. అది వేరే వాళ్ల తయారీ, 290కే వచ్చింది. ఇప్పుడు పాప ఒకటో తరగతి, బాబు ఎల్‌కేజీ. ఇద్దరూ వాటి మీదే దిద్దారు కాబట్టి ఇక రాయొచ్చనిపించింది.

పాపకి అక్షరాభ్యాసం వసంత పంచమికి ఇంట్లోనే చేశాం. మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి మీద అమ్మవారిని సరస్వతి అలంకారంలో చూపించి చేయిద్దామని మా అత్తయ్య గారికి ఉండేది గానీ, ఆ రద్దీలో మూడేళ్ల పిల్లతో క్యూలో నిలబడటం మా వల్ల కాదనుకున్నాం. పళ్లెంలో బియ్యం పోసి, పాప వేలు పట్టుకుని అత్తయ్య ఓం నమః శివాయ రాయించారు. పాప బియ్యంలో వేలు తిప్పుతూ ఎంత మురిసిపోయిందో! పుస్తకం, పెన్సిల్ ఇస్తే ఆ మురిపెం కనిపించలేదు. అప్పుడే నాకు తట్టింది, ఈ వయసు పిల్లలకి అక్షరం ముందు వేలికి తగలాలి అని. ఇది కొత్త సంగతేమీ కాదు. మాంటిస్సోరి పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద చూపుడు వేలు, మధ్య వేలు కలిపి తిప్పిస్తారు. ఆ పేరుతో కోటేశ్వరమ్మ గారు మన ఊళ్లో ఎప్పుడో బడి పెట్టారు, 2017లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. నేను కొన్నది ఆ గరుకు అక్షరాలకి చెక్క రూపం అనుకోండి.

మొదటి వారం అంతా బాగుందనుకున్నాను. రెండో వారం పక్కన కూర్చుని వేలు ఎటు వెళ్తోందో చూస్తే గుండె జారింది. అ అక్షరాన్ని పాప కుడి చివర మొదలుపెట్టి వెనక్కి దిద్దుతోంది. గాడిలోంచి వేలు బయటికి రావట్లేదు, అక్షరం మీద తప్పు కనిపించట్లేదు, కానీ చెయ్యి తిరిగే దిక్కు పూర్తిగా తప్పు. ఈ పలకల్లో నాకు కనిపించిన పెద్ద లోపం ఇదే. ఎక్కడ మొదలుపెట్టాలో గుర్తు లేదు, ఎటు తిరగాలో బాణం లేదు. పెద్దవాళ్లకి అది తెలిసిన సంగతే, పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆ రాత్రి ఎర్ర నెయిల్ పాలిష్ తీసుకుని ప్రతి అక్షరం మొదలయ్యే చోట గాడిలో ఒక చుక్క పెట్టాను. మర్నాడు "ఎర్ర చుక్క దగ్గర బండి ఎక్కు" అన్నాను. అంతే, పది రోజుల్లో దారిలో పడింది. చేతికి ఒకసారి తప్పుడు దారి అలవాటైతే తర్వాత మాన్పించడం చాలా కష్టం. అందుకే పలక ఇచ్చేసి వంటింట్లోకి వెళ్లిపోకండి. మొదటి నెల పక్కనే కూర్చోవాలి.

రెండో ఇబ్బంది పలకది కాదు, మనం నేర్పే తీరుది. పాప అ నుంచి అః వరకూ గడగడా పాడేసేది. చుట్టాల ముందు పాడించుకుని మేమూ పొంగిపోయాం. ఒకరోజు ఉ మీద వేలు పెట్టి "ఇదేంటమ్మా?" అని అడిగాను. పాప నా వేలు తీసేసి, అ దగ్గర తన వేలు పెట్టి, "అ, ఆ, ఇ, ఈ" అని మెల్లగా నడుచుకుంటూ వచ్చి "ఉ" అంది. పాట వచ్చింది, అక్షరం రాలేదు. బూట్ల డబ్బా అట్ట కత్తిరించి ఒక్క అక్షరమే కనిపించేలా మధ్యలో కిటికీ పెట్టాను. ఆ అట్ట పలక మీద ఎక్కడ పడితే అక్కడ పెట్టి, కనిపించిన అక్షరాన్ని దిద్దించి పలికించేదాన్ని. రెండు నెలలు పట్టింది గానీ ఆ తర్వాత ఏది అడిగినా చెప్పేది. ఇది మటుకు పలక ఉన్నా లేకపోయినా అందరూ చేయాలని నా మనవి.

హల్లుల పలక మీద బొమ్మలు కూడా ఉన్నాయి. అక్కడ ఇంకో చిక్కు. ణ, ళ తెలుగులో మాట మొదట్లో రావు కదా, అందుకని ణ పక్కన బాణం బొమ్మ వేశారు. పాప బొమ్మ చూసి ఠక్కున "బ" అనేది. అనదూ మరి! బాణం అంటే బ తోనే మొదలవుతుంది. నేను ఆ బొమ్మల మీద తెల్ల కాగితం అతికించేసి, మా ఇంట్లో మాటలతో చెప్పడం మొదలుపెట్టాను. బ అంటే బ్యారేజీ, ప అంటే పులిహోర, గ అంటే గోంగూర, న అంటే నానమ్మ. ఒంటెని మా పాప ఎప్పుడూ చూడలేదు, ఒ అంటే నానమ్మ ఒడి అని చెబితే వెళ్లి ఒళ్లో కూర్చునేది. ణ, ళ లని మాత్రం చివర్లో, రావణుడు, కోళ్లు లాంటి మాటల మధ్యలో వినిపించి నేర్పాను.

ఇక మన్నిక సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో మా కింది పోర్షన్ మొత్తం మునిగింది. పిల్లల్ని తీసుకుని పైఅంతస్తుకి వెళ్లిపోయాం. పలకలు రెండూ బీరువా అడుగు అరలో ఉండిపోయాయి. నీళ్లు తీశాక దిగి చూస్తే హల్లుల పలక అటుకుల్లా ఉబ్బిపోయి ఉంది. పట్టుకుంటే పొరలు పొరలుగా ఊడొచ్చింది. అది చెక్క కాదు, చెక్క పొడిని జిగురుతో కలిపి అదిమి చేసిన ఎండీఎఫ్ అని అప్పుడు తెలిసింది. కొన్నప్పుడు మాత్రం చెక్క అనే రాశారు. వేప పలక రంగు పోయింది, కొద్దిగా వంగింది, గాడుల నిండా బురద. సబ్బు నీళ్లతో పాత టూత్‌బ్రష్ పెట్టి ఒక్కో అక్షరం తోమాను. ఎండలో పెడితే పగులుతుందని అత్తయ్య నీడలోనే ఆరబెట్టించారు. ఆ బురద మొత్తం కడిగే పనుల్లో మూడేళ్ల బాబు నా పక్కన చేరి, తడి వేలుతో "ఆ" అక్షరం దిద్దాడు. ఎవరూ చెప్పలేదు, అక్కని చూసి నేర్చుకున్నాడు. ఎన్నో పోయాయి ఇంట్లో. ఆ పలక మిగిలినందుకు నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

తర్వాత హల్లులది కూడా గట్టి చెక్కదే చేయించుకున్నాను, ఊళ్లోనే ఒక వడ్రంగి దగ్గర. 900 అయింది. ఈసారి తలకట్టుని అక్షరానికి అంటకుండా విడి గాడిగా చెక్కమన్నాను. దీనివల్ల రెండు లాభాలు. ఒకటి, ముందు అక్షరం, తర్వాత తలకట్టు అని వరస అలవాటైంది. ఖ, జ, ట, ణ, బ, ల లాంటి వాటికి తలకట్టు ఉండదని బాబు వేలితోనే గమనించాడు. రెండోది, గుణింతానికి వచ్చేసరికి "తలకట్టు తీసేసి అక్కడ గుడి పెట్టు" అంటే "కి" ఎలా రాయాలో వెంటనే అర్థమైంది.

గుణింతానికి, ఒత్తులకి మాత్రం ఈ పలక పనికిరాదు. అక్కడి నుంచి రాతి పలక, బలపం తప్పవు. వ, మ, ప, ష లాంటివి విడిగా దిద్దినప్పుడు బాగానే దిద్దుతారు, పలక మీద సొంతంగా రాయమంటే కలిపేస్తారు. వ కి పక్కన కొమ్ము తగిలిస్తే మ లా ఉంటుంది కదా. పు, వు రాసేటప్పుడు కొమ్ము కిందినుంచి ఎందుకు తెస్తామో నాకు బాబుకి నేర్పేటప్పుడే తెలిసింది. ఇలాంటివి రెండు అక్షరాలూ పక్కపక్కన రాసి, తేడా ఎక్కడుందో వాళ్ల చేతే చూపించాలి. గాడి వేలిని నడిపిస్తుంది కాబట్టి పిల్ల ఆలోచించక్కర్లేదు. మొదట్లో అది మేలు, తర్వాత అదే అడ్డం. మా ఇద్దరికీ మూడు, నాలుగు నెలలకి గాడి పలక అవసరం తగ్గిపోయింది. ఇంకో మాట, బలపం ఇచ్చాక కళ్లు వాళ్ల మీదే ఉండాలి, బాబు రెండు కొరికి తినేశాడు.

ఫోన్‌లో అక్షరాలు దిద్దే యాప్ కూడా రెండు నెలలు పెట్టి చూశాను. గీత బయటికి పోయినా చప్పట్లు కొడుతుంది. అద్దం మీద వేలు జారిపోతుంది తప్ప చేతికి ఏమీ పట్టుబడదు. తీసేశాను.

కొనేవాళ్లకి నా సలహా. పలక అంచు చూడండి, చెక్క నార గీతలు అటునుంచి ఇటు కనిపిస్తే గట్టి చెక్క, మట్టిరంగు పిండిలా ఒకే తీరుగా ఉంటే ఎండీఎఫ్. గాడిలో మీ చిటికెన వేలు పెట్టి తిప్పండి, పెచ్చులు గుచ్చుకుంటే వద్దు. పుల్లకన్నా ముందు కనీసం నెల రోజులు వేలే వాడించండి. రోజుకి ఐదు నిమిషాలు చాలు, పిల్ల లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. మూడేళ్లకే నాలుగు గీతల పుస్తకం నింపించాలని టెన్షన్ పడకండి. పాపని నేను అలా ఓ నెల ఏడిపించాను, ఆ పుస్తకం చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

వేప పలక పోయిన నెల పక్కింటి పాపకి ఇచ్చాం. ఇచ్చేముందు నెయిల్ పాలిష్ చుక్కలు అరిగిపోయిన చోట మళ్లీ పెట్టాను. హల్లులది ఇంకా మా ఇంట్లోనే ఉంది, బాబు ళ దగ్గర రోజూ కాసేపు ఆగుతున్నాడు.