నాన్న కారులో ఫోన్ ఎక్కడుంటే మేలు: స్టాండ్‌లోనా, కారు తెరలోనా, అమ్మ చేతిలోనా?

నాన్నకు 67 ఏళ్లు. విజయవాడ నుంచి హైదరాబాద్‌లోని మా ఇంటికి ఇప్పటికీ తనే కారు నడుపుకుంటూ వస్తారు. డ్రైవింగ్‌కు వంక పెట్టలేం. నా టెన్షన్ అంతా ఫోన్‌తోనే. చిల్లకల్లు టోల్ దాటగానే ఫాస్టాగ్ మెసేజ్ టింగుమంటుంది. ఎంత కట్ అయిందో అప్పటికప్పుడు చూడకపోతే ఆయనకు తోచదు. 80 స్పీడులో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఫోన్ తీసి, మెసేజ్ తెరిచి, చదవడానికి నాలుగు సెకన్లే పట్టినా దాదాపు 90 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే.

ముందు స్టాండ్ కొనిచ్చాను. చవక, చేతులు ఖాళీగా ఉంటాయి. 2020 అక్టోబరులో మారిన నిబంధనల ప్రకారం కూడా దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ధ్యాస చెదరకుండా, ఫోన్ వాడుకోవచ్చు. కానీ ఆ ధ్యాస దగ్గరే చిక్కు. వయసు పెరిగేకొద్దీ కంట్లో కటకం గట్టిపడుతుంది. దూరంగా ఉన్న లారీ మీంచి దగ్గరున్న మ్యాప్ మీదికి, మళ్లీ లారీ మీదికి చూపు కుదరడానికి కుర్రాళ్లకంటే ఎక్కువసేపు పడుతుంది. పైగా నాన్నవి బైఫోకల్ అద్దాలు. మ్యాప్ చదవాలంటే గడ్డం ఎత్తి కింది అద్దంలోంచి చూడాలి. ఇది చాలదన్నట్టు సరిగ్గా మలుపు దగ్గర మ్యాప్ మీద ఎవరిదో వాట్సాప్ గుడ్ మార్నింగ్ వచ్చి కూర్చుంటుంది.

ఫోన్‌లోని మ్యాప్, కాల్స్ కారు తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో ఉన్న కారు తెర పెద్దది, అక్షరాలూ పెద్దవే. కాబట్టి పెద్దవాళ్లకు అదే మేలు అనుకున్నాను. అక్కడ నేను పొరబడ్డాను. అమెరికాలో రోడ్డు భద్రత మీద పరిశోధన చేయించే ఏఏఏ ఫౌండేషన్ కోసం యూటా యూనివర్సిటీ వాళ్లు చేసిన పరీక్షల ఫలితాలు 2019లో వచ్చాయి. కార్లలోని తెరలు, వాయిస్ కమాండ్లతో కాల్ చేయడం, రూటు పెట్టడం, రేడియో మార్చడం వంటి పనులకు 55–75 ఏళ్లవాళ్లకు 21–36 ఏళ్లవాళ్లకంటే సగటున 4.7 నుంచి 8.6 సెకన్లు ఎక్కువ పట్టింది. పాత కారులో వాల్యూమ్ గుండీని తడిమి తిప్పేవారు. తెర మీద తడిమితే ఏదీ తగలదు, కళ్లు పెట్టాల్సిందే. మాటతో చెబుదామంటే అది ఒక ఊరు అడిగితే ఇంకో ఊరు చూపిస్తుంది, ఈయన దానితో గొడవకు దిగుతారు. అందుకే కొత్త కారు చూసేటప్పుడు తెర ఎన్ని అంగుళాలని కాకుండా, ఏసీకి, వాల్యూమ్‌కి గుండీలున్నాయా అని అడగమంటాను.

ఇక అమ్మ. పక్క సీటులో కూర్చున్న మనిషికీ, ఫోన్‌లో మాట్లాడే మనిషికీ పెద్ద తేడా ఉంది. లారీ అడ్డం వస్తే పక్కనున్నవాళ్లు మాట ఆపేస్తారు, లేదా ‘చూసుకోండి’ అంటారు. ఫోన్‌లో ఉన్నవాళ్లకు ఆ లారీ కనిపించదు. బ్లూటూత్‌లో మాట్లాడినా అంతే, చేతులు ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా ఉండదు.

అలాగని అమ్మతోనూ ఇబ్బందులు లేకపోలేదు. మలుపు దాటాక ‘ఇక్కడే, ఇక్కడే!’ అంటుంది. ‘ఏమండీ, ఇది చూడండి’ అంటూ మనవడి ఫోటో మొహం ముందు పెడుతుంది. రెండూ మాన్పించడానికి నాలుగు ప్రయాణాలు పట్టింది. ఇప్పుడు మ్యాప్ తెలుగులో చెబుతుంది, దారి తప్పితే అమ్మ చూస్తుంది, ఫోన్ నాన్న వైపు తిప్పదు. నా ఓటు దీనికే. స్టాండ్ రెండోది, తెర మూడోది.

ఒక్కరే వచ్చే రోజున బయల్దేరేముందే రూటు పెట్టేసి, మెసేజ్‌లు మోగకుండా ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ వేసి, వెనక సీటు మీది బ్యాగులో పడేయడం మంచిది. మాట కారు స్పీకర్లో వినిపిస్తే చాలు. దారి తప్పారనిపిస్తే పెట్రోల్ బంకులో ఆపి చూసుకోవాలి.

ఇన్ని చెప్పాను కానీ, ఒకసారి ఆయన కాల్ లిస్టు చూస్తే మూడు గంటల్లో నావి నాలుగు, చెల్లివి మూడు. అన్నీ ‘ఎక్కడిదాకా వచ్చారు?’ అనే. ఆయన దృష్టి మళ్లిస్తున్నది ఎవరో అప్పుడు తెలిసొచ్చింది. ఇప్పుడు అమ్మ బయల్దేరేటప్పుడే వాట్సాప్‌లో 8 గంటల లైవ్ లొకేషన్ పెడుతుంది. చుక్క నకిరేకల్ దగ్గర ఆగితే టీకి ఆగారని మేమే అనుకుంటాం.

నాన్న ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. టోల్ దాటగానే ఎంత కట్ అయిందో అమ్మ పైకి చదివి వినిపించాలి.