చేత్తో రాసుకున్న హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ: కొన్నేళ్ల వాడకం తరువాత

విశాఖపట్నం చుట్టుపక్కల ఉన్న బౌద్ధ క్షేత్రాలలో తీసిన ఛాయాచిత్రాలను, వాటి గురించి రాసుకున్న వివరాలను ఒకచోట ఉంచడానికి, ఏ తయారీ సాధనమూ వాడకుండా నోట్‌ప్యాడ్‌లోనే హెచ్‌టీఎమ్‌ఎల్ (వెబ్ పేజీలు రాసే భాష) రాసి సొంత పేజీ పెట్టుకుని కొన్నేళ్లయింది. తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ, బొజ్జన్నకొండ, ఇలా కొండకొక పేజీ చొప్పున అది పెరిగింది. చిన్న వ్యక్తిగత పేజీకి ఇంతకన్నా నిలకడైన పద్ధతి నాకు కనిపించలేదు. అయితే తెలుగులో రాసేవారు మొదటి రోజే తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని పాఠాలు చెప్పేవారు సాధారణంగా దాటవేస్తారు.

నేర్చుకోవడం కష్టమేమీ కాదు. శీర్షికకు హెచ్1, పేరాకు పి, లింకుకు ఎ, బొమ్మకు ఐఎమ్‌జీ, ఈ నాలుగు ట్యాగులు (ఏ భాగం ఏమిటో బ్రౌజరుకు చెప్పే గుర్తులు) తెలిస్తే ఒక్క సాయంత్రంలో పేజీ తయారవుతుంది. ఫైలును డాట్ హెచ్‌టీఎమ్‌ఎల్ అనే ఎక్స్‌టెన్షన్‌తో సేవ్ చేసి తెరిస్తే చాలు, ఇంటర్నెట్ లేకపోయినా బ్రౌజరు చూపిస్తుంది.

తెలుగు విషయానికి వస్తే, పేజీ మొదట్లో ఉండే హెడ్ భాగంలో, అక్షరాలను ఏ పద్ధతిలో నిల్వ చేశామో చెప్పే మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 అనే పంక్తి లేని పేజీని నమ్మడానికి లేదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరమూ, గుణింతపు గుర్తూ మూడేసి బైట్లుగా నిల్వ ఉంటాయి. ఆ సంగతి తెలియని బ్రౌజరు ఒక్కొక్క బైటును ఒక్కొక్క లాటిన్ అక్షరంగా చదివితే, తలపై గీత ఉన్న ఇంగ్లీషు ఎ, పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, మళ్లీ అదే ఎ, ఈ వరుసలో పేజీ అంతా నిండిపోతుంది. సొంత కంప్యూటరులో చక్కగా కనిపించిన పేజీ కూడా సర్వరుకు (పేజీని ఇంటర్నెట్‌లో అందించే కంప్యూటరుకు) ఎక్కించాక ఇలా మారవచ్చు కాబట్టి, ఈ పంక్తిని ఫైలు మొదటి 1024 బైట్లలోపే ఉంచాలి. హెచ్‌టీఎమ్‌ఎల్ ట్యాగులోనే భాష తెలుగు అని రాస్తే, తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు సరైన గొంతును ఎంచుకోగలుగుతుంది.

రెండవది పంక్తుల మధ్య దూరం. ఇంగ్లీషుకు సరిపోయే దూరంలో "స్త్రీ", "రాష్ట్రం" వంటి మాటల ఒత్తులు కింది పంక్తిలోని గుడిదీర్ఘాలను తాకుతాయి. పేజీ రూపురేఖలను నిర్ణయించే సీఎస్‌ఎస్‌లో, పంక్తుల దూరాన్ని చెప్పే లైన్-హైట్‌ను 1.7 దగ్గర పెట్టిన తరువాతనే నా పేజీ చదవడానికి హాయిగా మారింది. ఫాంటు కోసం హైరానా పడనక్కరలేదు. విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో శాన్స్ తెలుగు ముందే ఉంటాయి, వివరాలు చదువుకునే పేజీకి అవి సరిపోతాయి. (అక్షరాలను పరుగెత్తించే మార్కీ ట్యాగు మీద మనవాళ్లకు ఉన్న మమకారం ఎప్పటికి తీరుతుందో తెలియదు. వెబ్ ప్రమాణాలు దానిని వాడవద్దని చెబుతున్నా బ్రౌజర్లు ఇంకా భరిస్తూనే ఉన్నాయి.)

బొమ్మల దగ్గర చిక్కు వేరు. కెమెరా ఫైలు పేరు చివర జేపీజీ పెద్ద అక్షరాలలో ఉండి, మనం ట్యాగులో చిన్న అక్షరాలతో రాస్తే, విండోస్ పట్టించుకోదు కానీ లినక్స్ సర్వరు వాటిని రెండు వేర్వేరు ఫైళ్లుగా చూసి బొమ్మ లేదని చెబుతుంది. కాబట్టి ఫైళ్ల పేర్లన్నీ చిన్న అక్షరాలలో, ఖాళీలు లేకుండా ఉంచడం మేలు. ఫోనులో తీసిన చిత్రాన్ని 1200 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, వెడల్పునూ ఎత్తునూ ట్యాగులోనే చెబితే, బొమ్మ వచ్చేలోగా పాఠం కిందికీ పైకీ గెంతదు.

ఈ పద్ధతి అసలు బలం వాడకంలో తేలింది. నేను మొదట ఆశ్రయించిన ఉచిత సేవ ఒకటి మూతపడింది. ఫైళ్లన్నీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉన్నందువల్ల, లింకులను పూర్తి చిరునామాలతో కాక ఫోల్డరును బట్టి రాసినందువల్ల, మొత్తాన్ని వేరొక చోటికి ఎక్కిస్తే ఒక్క అక్షరం మార్చకుండా పని చేసింది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ రూపొందించిన తొలి వెబ్‌సైటును, ఆయన అప్పట్లో పనిచేసిన యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ 2013లో పాత చిరునామాలోనే తిరిగి నిలబెట్టింది, నేటి బ్రౌజర్లు దానిని ఇబ్బంది లేకుండా చూపిస్తున్నాయి. 1990ల నాటి ట్యాగులకే ఇంత ఆయుష్షు ఉన్నప్పుడు నా పేజీల గురించి బెంగ లేదు.

లోపాలూ ఉన్నాయి. తప్పు రాస్తే బ్రౌజరు ఏమీ అనదు. బోల్డ్ ట్యాగును మూయడం మరచిపోతే మిగిలిన పేజీ అంతా లావెక్కుతుంది కానీ, ఎక్కడ తప్పిందో మనమే వెతుక్కోవాలి, లేదా వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఉచితంగా నడిపే పరీక్షకు ఫైలును ఇవ్వాలి. వెడల్పైన పట్టికలు ఫోను తెరను దాటిపోతాయి. పేజీని తెర వెడల్పుకు సరిపెట్టే వ్యూపోర్ట్ మెటా పంక్తి రాసినా, పట్టిక ఒక్కదానిని విడిగా పక్కకు జరుపుకునేలా సీఎస్‌ఎస్‌లో చెప్పవలసిందే. అన్నిటికన్నా విసుగు పుట్టించేది పైనుండే మెనూ. కొత్త కొండ ఒకటి చేరితే పాత పేజీలన్నిటినీ తెరిచి అదే పంక్తిని అతికించాలి, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో దీనికి సొంతంగా మార్గం లేదు. ఇందుకోసం కొందరు పేజీలను తయారు చేసిచ్చే ప్రోగ్రాములకు మారతారు. నేను మెనూనే తీసివేశాను. ఇప్పుడు ప్రతి పేజీ పైన "మొదటి పేజీ" అనే ఒక్క లింకు ఉంటుంది, పూర్తి జాబితా మొదటి పేజీలో మాత్రమే ఉంటుంది, కొత్తది చేరినప్పుడు ఆ ఒక్క ఫైలునే మారుస్తున్నాను.